కూతుళ్లను విడిచిన లెక్క

ఇట్టి సంచికలో పందెపు గుఱ్ఱముల ప్రసక్తి యేమని చదువరులు కినియవచ్చును. చెన్నపట్టణపు గిండీ, బెంగుళూరు రేసుకోర్సు, బొంబాయి మహాలక్ష్మి మైదానము, వీని యిరుగుపొరుగున తరతరములుగా కాపురమున్నవారము మనము. పందెములకు దాసులై కొంపలు కూల్చుకొన్నవారిని మనమెఱుగుదుము. ఆ పేరు వినినంతనే పెద్దలు మొగము చిట్లించుట సహజమే. అయినను నేను వ్రాయబూనినది పందెమును గూర్చి కాదు. ఒక గుఱ్ఱమును గూర్చి, దాని సంతతిని లెక్కించువారు చేయుచున్న యొక యన్యాయమును గూర్చి.

“సెక్రటేరియట్ పరుగున అద్వితీయము, సంతానమున విఫలము.” అశ్వశాస్త్రజ్ఞులమని చెప్పుకొనువారు అర్ధశతాబ్దముగా అప్పగించుచున్న పాఠమిది. ఇందు మొదటి సగము నిజము. రెండవ సగము కేవలము లెక్క తెలియనివారి మాట.

మొదటి సగమును ముందు చెప్పెదను. 1970 మార్చి 30వ తేదీన అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, మెడో అను క్షేత్రమునందు, బోల్డ్ రూలర్ అను పోతుగుఱ్ఱమునకు సంథింగ్‌రాయల్ అను గోడిగయందు ఎఱ్ఱని కిశోరమొకటి జనించెను. దీని కొక పూర్వకథ కలదు. బోల్డ్ రూలర్ యజమానులైన ఫిప్సు కుటుంబమువారును, మెడో క్షేత్రమువారును, పుట్టిన పిల్లలను నాణెమెగురవేసి పంచుకొనుటకు ఒడంబడిక చేసికొనియుండిరి. 1969లో నాణెము ఆగ్డెన్ ఫిప్సు పక్షమున పడెను. ఆయన అప్పటికే పుట్టియున్న సంథింగ్‌రాయల్ కూతురును కోరుకొనెను. ఓడిన పెన్నీ చెనరీకి మిగిలిన వేఱొక పిల్లయు, సంథింగ్‌రాయల్ గర్భమునందింకను ఉన్న పిల్లయు దక్కెను. ఫిప్సు కోరిన ఆడుపిల్ల ఒక్క పందెమైనను గెలువలేదు. గర్భమునందున్నది సెక్రటేరియట్. ఆడుపిల్లను కోరుకొన్న ఫిప్సును చూచి నేటికిని నవ్వువారు కలరు. నేను నవ్వను.

ఆ కిశోరము తన తొలి పందెమున నాలుగవదిగా వచ్చెను. అయినను రెండేండ్ల ప్రాయమున, 1972లోనే, ఆ యేటి ఉత్తమాశ్వముగా ఎన్నికయ్యెను. 1973లో కెంటకీ డర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ అను మూడు పందెములను వరుసగా గెలిచి, 1948 నుండి ఎవ్వరికిని దక్కని ట్రిపుల్ క్రౌనును సాధించెను. డర్బీ మైలుంబావు పరుగు. అందు ఒక్కొక్క పావుమైలును దాని ముందటి పావుమైలు కంటె వేగముగా పరుగెత్తెను. సామాన్యముగా గుఱ్ఱము తుదకు అలసి మందగించును. ఇది తుదకు విజృంభించెను. ప్రీక్‌నెస్ నాటి గడియారము తప్పినదని వివాదము రేగి, 2012లో గాని దాని కాలము 1 నిమిషము 53 సెకనులుగా నిర్ణయము కాలేదు. ఆ మూడు పందెములందును అది నెలకొల్పిన కాలములు నేటికిని చెక్కుచెదరలేదు.

బెల్మాంటును గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. జూన్ 9వ తేదీ, మైలున్నర దూరము. షామ్ అను గట్టి పోటీ గుఱ్ఱము మొదట ప్రక్కప్రక్కన పరుగెత్తి, ఆ వేగమునకు తాళలేక వెనుకబడెను. పిమ్మట ఆ మైదానమున సెక్రటేరియట్ తప్ప వేఱొకటి పరుగెత్తుచున్నట్లే లేదు. 31 లెంగ్తుల దూరము! కాలము 2 నిమిషముల 24 సెకనులు. జాకీ రాన్ టర్కాట్ చివరకు ప్రక్కకు తలద్రిప్పి గడియారమును చూచెను. చూచుటకు ప్రక్కన గుఱ్ఱమేదియు లేదు గదా! ఆనాటి గెలుపు టిక్కెట్లలో 5,617 టిక్కెట్లకు జనులు సొమ్మే తీసికొనక స్మృతిచిహ్నములుగా దాచుకొనిరి. పందెగాడు గెలిచిన డబ్బును వదలుకొనుట యెచ్చటనైన విన్నామా?

ఓటములు లేకపోలేదు. ఆనియన్ అను సామాన్యపు గుఱ్ఱము చేతను, ప్రూవ్ అవుట్ చేతను అది ఆ యేడే ఓడినది. మొత్తము 21 పందెములలో 16 గెలుపులు. అంతట పరుగు ముగిసి, కెంటకీలోని క్లెయిబోర్న్ క్షేత్రమున సంతానోత్పత్తికై నిలుపబడెను.

అక్కడనుండియే అపవాదు ఆరంభము. ట్రిపుల్ క్రౌన్ గెలువకముందే, 1973 ఫిబ్రవరిలో, దాని సంతానోత్పత్తి హక్కును 32 వాటాలు చేసి 60 లక్షల 80 వేల డాలర్లకు అమ్మియుండిరి. అంత సొమ్ము పెట్టినవారు మఱియొక సెక్రటేరియట్ పుట్టవలెనని యెదురుచూచిరి, పుట్టలేదు. 1988లో ప్రీక్‌నెస్, బెల్మాంట్ గెలిచిన రైజన్ స్టార్, 1990 మెల్బోర్న్ కప్పు గెలిచిన కింగ్‌స్టన్ రూల్ దాని కొడుకులే. కాని కొడుకులలో ఎవ్వడును తండ్రి పేరు నిలుపు గొప్ప జనకుడు కాలేదు. దీనిని నేనును ఒప్పుకొందును. అంతమాత్రమున “వంశము నిలువలేదు” అని తీర్పు చెప్పి పుస్తకము మూసిరి. కూతుళ్ల పుటను తిరుగవేయనే లేదు!

నేను తిరుగవేసెదను. వీకెండ్ సర్‌ప్రైజ్ అను కూతురు కన్నది ఎ.పి. ఇండీ. అది 1992లో బెల్మాంటు గెలిచి ఆ యేటి ఉత్తమాశ్వమై, పిదప 2003లోను 2006లోను అమెరికా జనకాశ్వములలో అగ్రస్థానము నందెను. టర్లింగ్వా అను కూతురు కన్నది స్టార్మ్ క్యాట్; ఒక్క సంయోగమునకు 5 లక్షల డాలర్ల రుసుము పలికిన జనకాశ్వమది. సీక్రెటేమ్ కన్నది గాన్ వెస్ట్. సిక్స్ క్రౌన్స్ కన్నది చీఫ్స్ క్రౌన్. ఈ చివరి గోడిగ పేరు చూడుడు: తండ్రివి మూడు కిరీటములు, గోడిగల ట్రిపుల్ క్రౌన్ గెలిచిన తల్లి క్రిస్ ఎవర్ట్‌వి మూడు! పేరు పెట్టినవారికి తెలిసిన లెక్క పండితులకు తెలియలేదు.

ఇంతతో ఆగలేదు. ఇరువదియొకటవ శతాబ్దమున ట్రిపుల్ క్రౌన్ గెలిచిన గుఱ్ఱములు రెండే: 2015లో అమెరికన్ ఫారో, 2018లో జస్టిఫై. మొదటిదాని తల్లి స్టార్మ్ క్యాట్ మనుమరాలు. రెండవది స్టార్మ్ క్యాట్ కొడుకు వంశమున నేరుగా దిగినది. రెండింటి నరములలోను టర్లింగ్వా ద్వారమున సెక్రటేరియట్ నెత్తురు ప్రవహించుచున్నది.

ప్రతివాదులు దీనికొక సమాధానము చెప్పుదురు. ఆ కూతుళ్లను సియాటిల్ స్లూ, మిస్టర్ ప్రాస్పెక్టర్ వంటి మేటి పోతులతో కలిపిరి గనుక ఘనత ఆ పోతులదే యందురు. మంచిది. సెక్రటేరియటునకును మేటి గోడిగలనే తెచ్చిరి గదా. అట్లయిన దాని కొడుకుల గెలుపులు తల్లులవి కావలెను. గెలిచినప్పుడు తండ్రిది, కూతురు కన్నప్పుడు అల్లునిది! ఇదెక్కడి న్యాయము? పోతు తన లక్షణములలో సగము కొడుకునకు, సగము కూతునకు సమముగానే ఇచ్చును. పైగా ఎక్స్ అను క్రోమోజోమును కూతునకు మాత్రమే ఇచ్చును. ఆ గుఱ్ఱమునకు అసాధారణమైన పెద్ద గుండె యుండెననియు, అది ఆ మార్గముననే కూతుళ్లకు సంక్రమించెననియు కొందఱందురు. 1989 అక్టోబరులో అది మరణించినపుడు గుండెను చూచిన వైద్యుడు 22 పౌనులుండునని అంచనా వేసినమాట నిజమే, తూచి చూడలేదు. ఆ వాదము రుజువు కానిది, నాకక్కఱలేదు. పైన చెప్పిన పేర్లే చాలును.

కూతుళ్లందఱును ఇట్లే రాణించిరని నేననను. 1986లో ఉత్తమాశ్వముగా ఎన్నికైన లేడీస్ సీక్రెట్ దీని కూతురే. దాని సంతానము చెప్పదగినది కాదు.

వింతయేమనగా, పదునెనిమిదవ శతాబ్దము చివర ఇంగ్లండున పుట్టిన జనరల్ స్టడ్ బుక్ అను వంశావళి గ్రంథము తల్లుల పేర్ల క్రిందనే పిల్లలను వ్రాయును. గ్రంథము తల్లిది, కీర్తి తండ్రిది! “తల్లిని జూచి పిల్లను, పాడిని జూచి బఱ్ఱెను” అని మన పల్లెలలో చదువురానివాడును చెప్పును. మనుష్యులను గుఱ్ఱములతో పోల్చుట నా యుద్దేశము కాదు. లెక్క వ్రాయు మనుష్యుని బుద్ధి మాత్రము రెండు చోట్లను ఒక్కటే. ఉమ్మడి ఆస్తిలో కూతునకు పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశమున 1985లో, తమిళనాట 1989లో, కర్ణాటక మహారాష్ట్రములందు 1994లో, దేశమంతటను 2005లో గాని చట్టముగా రాలేదు. దౌహిత్రుని పిండము చెల్లునని పూర్వులు చెప్పియుండగానే ఇంత ఆలస్యము!

1992లో అమెరికాలో గోడిగల తండ్రుల పట్టికయందు ప్రథమస్థానము సెక్రటేరియటుది. అప్పటికి అది చనిపోయి మూడేండ్లు. సంతానమున విఫలమని ఇకమీద వ్రాయువారు ఆ పట్టికను ప్రక్కన పెట్టుకొని వ్రాయుదురు గాక. వీకెండ్ సర్‌ప్రైజ్, టర్లింగ్వా, సీక్రెటేమ్, సిక్స్ క్రౌన్స్ అను నాలుగు పేర్లను దాని క్రింద తమ చేతితో వ్రాయుదురు గాక.