దగ్గునకు కషాయము – దాని హద్దు

చలి ముదిరినంతనే నెక్కొండ పల్లెలలో ఇంటింట పడిశమును దగ్గును తప్పవు. వెంటనే దుకాణమునకు పోయి సీసామందు తెచ్చి పసిపిల్లలకు త్రాగించు వాడుకను మేము గర్హించుచున్నాము. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గుమందు త్రాగి 20 మందికి పైగా పిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. అందు డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసియుండెను. 2 ఏండ్లలోపు పిల్లలకు దగ్గుమందు లీయరాదని ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ హెచ్చరించినది.

సామాన్యమైన పడిశము వారము, పది దినములలో తనంతట తానే తగ్గును. అంతదాక పెద్దలకు మిరియాల కషాయము, శొంఠి, తులసి, పసుపు వేసిన వేడిపాలు ఉపశమనము కలిగించును. పెరటి వైద్యమును పరిహసించువారొక సంగతి యెరుగవలెను: నేడు వైద్యులు వ్రాయు బ్రోమ్‌హెక్సిన్ అను కఫహరౌషధమునకు మూలము మన అడ్డసరపు ఆకులోని వాసిసిన్ అను పదార్థమే.

అయినను కషాయమునకు హద్దు కలదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. డొక్కలెగురవేయు బిడ్డను క్షణమైన ఇంట నుంచరాదు. రెండు వారములు దాటిన దగ్గు క్షయ కావచ్చును. ప్రభుత్వ వైద్యశాలలలో కఫపరీక్షయు మందులును ఉచితము. కషాయమును నమ్మి నెలలు గడపినచో రోగికే గాక ఇంటిల్లిపాదికి ముప్పు.

వంటింటి వైద్యమును విడుచుట యెంత తప్పో, దానితోనే సర్వరోగములు కుదురుననుట అంత తప్పు. పఠనాలయమున దీనిని చదివినవారు చదువురాని పొరుగువారికి వినిపింతురుగాక.