మామిడి సీమలో పళ్ళు తినమని ఎవరికి చెబుతున్నారు?

"పళ్ళూ కూరగాయలూ బాగా తినండి, కేన్సర్‌ను దూరంగా ఉంచండి." ఆరోగ్య సదస్సు ఎక్కడ జరిగినా స్త్రీలకు వినిపించే మొదటి మాట ఇదే. నూజివీడు పల్లెల్లో ఈ మాట వింటుంటే నాకు కోపం వస్తుంది. చిన్న రసాలూ బంగినపల్లీ లారీలకెక్కే ఊళ్ళలో, కాయలు ఏరి, సైజుల వారీగా విడదీసి, పెట్టెల్లో సర్దే స్త్రీలకు పండు విలువ ఎవరో వచ్చి చెప్పాలా? (పోస్టరు మీద యాపిల్ బొమ్మ ఎందుకుంటుందో కూడా నాకు అర్థం కాదు.) మంచి కాయ వాళ్ళ చేతుల మీదుగా మార్కెట్టుకు పోతుంది. ఇంటికొచ్చేది రాలిన కాయ, దెబ్బతిన్న కాయ. అదీ సీజను ఉన్న ఆ రెండు మూడు నెలలే. తక్కిన రోజుల్లో రేషను బియ్యం, నీళ్ళ పప్పు, పచ్చడి. అది కూడా ఇంట్లో అందరూ తిన్నాక మిగిలితే.

తిండికీ కేన్సర్‌కూ సంబంధం లేదని నేననడం లేదు. ఉంది. ఆ సంబంధాన్ని స్త్రీల వంటింటి తప్పుగా చూపించడం మీదే నా అభ్యంతరం.

కేన్సర్ ఒక్కనాటి తిండితో వచ్చేది కాదు. కణంలోని జన్యువులకు తగిలిన దెబ్బలు ఒకదానిపై ఒకటి చేరి, శరీరం వాటిని సరిచేసుకోలేక, కణం అదుపు తప్పడానికి ఏళ్ళు పడుతుంది. పొగాకు, మద్యం, కొన్ని వైరస్‌లు, బూజుపట్టిన వేరుశనగలో చేరే అఫ్లటాక్సిన్ ఇటువంటి దెబ్బలు తీస్తాయి. ఆ దెబ్బలను తట్టుకునే శక్తిలో తిండికి పాత్ర ఉంది.

దీనికి మన రాష్ట్రంలోనే సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం జిల్లాలో చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు స్త్రీలలోనే ఎక్కువ. దానివల్ల అంగిలి కేన్సర్ వస్తుందని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అడ్డపొగ తాగే గ్రామీణులకు ఏడాదిపాటు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం ఇచ్చి, ఫలితాలను 1995లో ప్రచురించారు. కేన్సర్‌కు ముందు దశగా నోట్లో కనిపించే మచ్చలు సగం మందికి పైగా పూర్తిగా పోయాయి. ఉత్తుత్తి మాత్రలు మింగినవారిలో నూటికి పదిమందికైనా పోలేదు.

అయితే 1994లో ఫిన్లండులో వెలువడిన ఫలితం దీనికి భిన్నం. అక్కడ 29 వేల మంది పొగతాగే మగవారిపై జరిగిన ప్రయోగంలో బీటా కెరోటిన్, అంటే మామిడిపండుకు పసుపు రంగునిచ్చే పదార్థమే, మాత్రలుగా మింగినవారికి ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. నేను దీన్ని ఇలా చదువుతాను: లోటున్న శరీరానికి లోటు తీర్చడం వేరు, లోటు లేనివాడు మాత్రలు మింగడం వేరు. పొగాకు హానిని మాత్ర కడిగెయ్యలేదు.

మరి లోటు ఎవరికుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. ఇంతమందిదీ తెలియనితనమేనా?

ఇంకో సంగతి. మాగబెట్టడానికి కార్బైడు వాడటం చట్టరీత్యా నిషేధం. అందులో ఆర్సెనిక్ జాడలుంటాయి. ఆర్సెనిక్ కేన్సర్ కారకం. 2016 నుంచి ఇథిలీన్ వాయువును పరిమితికి లోబడి అనుమతిస్తున్నారు. కార్బైడు పట్టుబడినప్పుడల్లా పత్రికలు పండు తినేవారి గురించి బాధపడతాయి. పొట్లాలు కట్టి కాయల మధ్య సర్దిన చేతులు ఎవరివో అడగవు.

గర్భాశయ ముఖద్వార కేన్సర్ సంగతికొస్తే ఉపన్యాసాలు మరీ అన్యాయం. దానికి కారణం హెచ్.పి.వి. అనే వైరస్. చాలామందిలో అది దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిన కొద్దిమందిలో కేన్సర్‌గా మారడానికి మామూలుగా 15-20 ఏళ్ళు పడుతుంది. అంత గడువులో ఒకటి రెండు పరీక్షలు చేస్తే ముందే పట్టుకోవచ్చు. 30 దాటిన స్త్రీలందరికీ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. పైన చెప్పిన సర్వే నాటికి, దేశంలో 30-49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా జరిగినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. తలుపు వేసుకోవడానికి ఒక గది, చేయి తిరిగిన ఒక నర్సు ఉంటే అయ్యే పని ఇది.

సంస్థల్లో పనిచేస్తున్న మిత్రులారా, ఈసారి పోషకాహార సదస్సుకు పిలుపొస్తే తోట కూలీ స్త్రీలను వెంటబెట్టుకునే వెళ్దాం. మైకు వాళ్ళ చేతికిద్దాం. ఈ మండలంలో పోయిన ఏడాది ఎంతమందికి పరీక్షలు చేశారు? రేషనులో పప్పూ నూనే ప్రతి నెలా ఎందుకు రావు? అదే తోటలో అదే ఎండలో పనిచేసిన మగవాడి కూలి మాకెందుకివ్వరు?