పన్ను కట్టిన సరుకు ఉన్నచోట దొంగ సరుకు ఎందుకు? మూడు సరిహద్దు ఊళ్లు చెప్పే లెక్క

గంజాయిని చట్టబద్ధం చేసి పన్ను వేస్తే మాఫియా దానంతటదే పోతుందనే మాట ఈమధ్య యువకుల నోట తరచుగా వినిపిస్తోంది. కెనడా చేసింది, అమెరికాలో సగం రాష్ట్రాలు చేశాయి, ఇండియా ఎందుకు చేయకూడదు అని అడుగుతున్నారు. వినడానికి లెక్క సింపుల్‌గానే ఉంది. ప్రభుత్వమే అమ్మితే దొంగ దగ్గరికి ఎవరు వెళ్తారు?

ఈ ప్రశ్నకు జవాబు కోసం కెనడా దాకా వెళ్లక్కర్లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చాలు. ఈ మూడు ఊళ్ల చుట్టూ ఒక మత్తు సరుకు చట్టబద్ధంగానే దొరుకుతుంది, పన్ను కట్టే అమ్ముతారు. అదే మద్యం. ఆంధ్రాలో అమ్మకం ఉంది, అటు కర్ణాటకలో ఉంది, ఇటు తమిళనాడులో ప్రభుత్వ సంస్థ టాస్మాక్ 2003 నుంచి తానే షాపులు నడుపుతోంది. మూడు రాష్ట్రాల్లో ఎక్కడా నిషేధం లేదు. మరి చీకలబైలు చెక్‌పోస్టు దగ్గర ఇన్నేళ్లుగా బైకుల సీట్లు ఎత్తి చూసింది దేనికోసం?

ధరలో తేడా కోసం. మొత్తం కథ అక్కడే ఉంది.

2019 అక్టోబర్ 1న అప్పటి ప్రభుత్వం ప్రైవేటు మద్యం షాపులను తీసేసి బేవరేజెస్ కార్పొరేషన్ చేత అమ్మించడం మొదలుపెట్టింది. షాపులు 4,380 నుంచి 3,500కు తగ్గాయి. దశలవారీగా మద్యం మాన్పిస్తామన్నారు. 2020 మే నెలలో లాక్‌డౌన్ తర్వాత షాపులు తెరిచినప్పుడు ముందు 25 శాతం, మర్నాడే మరో 50 శాతం ధర పెంచారు. రెండు రోజుల్లో 75 శాతం! ధర పెరిగితే తాగేవాడు తగ్గిస్తాడన్నది ఉద్దేశం. కొందరు తగ్గించారు కూడా, ఆ మాట కాదనలేం. కానీ పుంగనూరు నుంచి ముల్బాగల్ ఎంత దూరం? మదనపల్లె నుంచి శ్రీనివాసపురం ఎంత దూరం? అటువైపు 90 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకెట్ చేతికి అందే ధరకు దొరుకుతుంటే, ఇటు తెలియని బ్రాండుకు రెట్టింపు ఎవరు పెడతారు?

ఒక లెక్క వేసి చూస్తే విషయం తేలిపోతుంది. ప్యాకెట్‌కు 40 రూపాయల తేడా ఉందనుకుందాం. ఒక పెట్టెలో 96 ప్యాకెట్లు. బైకు మీద రెండు పెట్టెలు తెస్తే ఒక్క ట్రిప్పుకు ఏడు వేల పైచిలుకు మిగులుతుంది. ఇది ఊహించిన అంకె మాత్రమే, కానీ కూలి పనికి వెళ్లేవాడికి, మెకానిక్ షాపులో హెల్పర్‌గా ఉన్న కుర్రాడికి అందులో నాలుగో వంతు ఇస్తామన్నా పెద్ద డబ్బే. అధికారుల భాషలో దీన్ని ఎన్‌డీపీఎల్ అంటారు, అంటే ఇక్కడి సుంకం కట్టని మద్యం. అక్కడ అది సక్రమమైన సరుకే, లైసెన్సు షాపులో బిల్లు ఇచ్చి అమ్మిందే. గీత దాటగానే దొంగ సరుకు అయిపోతుంది. పన్ను వేయడం వల్ల బ్లాక్ మార్కెట్ పోలేదు, ఇక్కడ పన్నే దాన్ని పుట్టించింది.

ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. 2020 మేలోనే స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పెట్టింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో, మనిషికి మూడు సీసాల వరకు బయటి రాష్ట్రం నుంచి తెచ్చుకోవచ్చని హైకోర్టు అంటే, కొద్ది వారాలకే నిబంధన మార్చి పర్మిట్ లేకుండా ఒక్కటీ కుదరదంది. పట్టుకున్న సీసాలను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించే ఫొటోలు పేపర్లలో మామూలైపోయాయి. అయినా ఆ దారుల్లో రోజూ ఎన్ని టమాటా బండ్లు అటూ ఇటూ తిరుగుతాయో మదనపల్లె మార్కెట్ చూసినవాళ్లకు తెలుసు. ప్రతి క్రేటూ దించి చూడాలంటే చెక్‌పోస్టు దగ్గర టమాటాలు కుళ్లిపోతాయి.

కొనలేనివాడు ఏం చేశాడన్నది ఇంకో సంగతి, ఇది మరీ బాధ కలిగించేది. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. తమిళనాడులో టాస్మాక్ షాపులు ఊరూరా ఉన్నా 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన కల్తీ సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. షాపు లేక తాగినవాళ్లు కాదు వాళ్లు, షాపు ధర పెట్టలేక ప్యాకెట్ సారాకు వెళ్లిన కూలీలు. చట్టబద్ధమైన షాపు పక్క వీధిలో ఉండటం వాళ్లను కాపాడలేదు.

అయితే ధర తగ్గిస్తే సరిపోతుందా? అదీ చూశారు. 2024 అక్టోబర్‌లో కొత్త ప్రభుత్వం 3,396 షాపులను లాటరీ వేసి ప్రైవేటుకు ఇచ్చింది. 99 రూపాయలకు క్వార్టర్ తెచ్చింది. పాత బ్రాండ్లు తిరిగొచ్చాయి. మరోవైపు కర్ణాటక 2023లోనే తన ఎక్సైజ్ సుంకాన్ని 20 శాతం పెంచుకుంది. రెండు వైపులా తేడా తగ్గితే గీత దాటి తేవడంలో లాభం తగ్గుతుంది. ఈ మేరకు చట్టబద్ధం వాదన నిజమే. ధర దగ్గరైతే స్మగ్లర్‌కు పని తగ్గుతుంది.

కానీ ఏడాది తిరక్కుండానే ఇంకో తలుపు తెరుచుకుంది. 2025 అక్టోబర్ మొదట్లో మదనపల్లెకు అటువైపున, తంబళ్లపల్లె నియోజకవర్గంలోని ములకలచెరువులో ఎక్సైజ్ వాళ్లు దాడి చేస్తే ఏకంగా నకిలీ మద్యం తయారీ కేంద్రమే బయటపడింది. స్పిరిట్, ఖాళీ సీసాలు, లేబుళ్లు, మూతలు అన్నీ అక్కడే. దాని వెనక ఎవరున్నారన్న దానిపై రెండు పెద్ద పార్టీలూ ఒకరి మీద ఒకరు వేలెత్తి చూపుకున్నాయి, సిట్ వేశారు. ఎవరు దోషులో కోర్టు తేలుస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. కర్ణాటక సరుకు తెచ్చేవాడు కనీసం కర్ణాటక పన్నైనా కడతాడు. నకిలీ చేసేవాడు ఎవరికీ కట్టడు. 99 రూపాయల క్వార్టర్‌లో కూడా పెద్ద ముక్క ప్రభుత్వానిదే, ఆ ముక్కంతా వాడి లాభం. ధర ఎంత తగ్గించినా పన్నంటూ ఉన్నంతకాలం వాడికి సందు ఉంటుంది. పైగా చట్టబద్ధమైన మార్కెట్ వాడికి పెద్ద ఉపకారం చేస్తుంది. జనం నమ్మే లేబుల్ ఇస్తుంది, అమ్మడానికి బెల్టు షాపులిస్తుంది. నాటుసారాను నాటుసారా అని తెలిసే కొంటారు, దీన్ని మాత్రం అసలుదనుకుని కొంటారు.

అందుకు ప్రభుత్వం సీసా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే యాప్ తెచ్చింది. మంచిదే. రాత్రి పదిన్నరకు బెల్టు షాపు చీకట్లో నిలబడి ఫోన్ తీసి స్కాన్ చేసేవాడు ఎంతమందో!

నిషేధమే మేలు అనేవాళ్లకూ ఇక్కడి చరిత్ర పూర్తిగా తోడు రాదు. దూబగుంట మహిళల పోరాటం తర్వాత 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, అది అబద్ధం కాదు. కానీ పక్క రాష్ట్రాల సరుకు ఆగలేదు, ఖజానా ఖాళీ అయింది, 1997లో సడలించేశారు.

ఇప్పుడు గంజాయి సంగతి. ఇది ఇండియాకు కొత్త ప్రశ్నేం కాదు. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసి దేశమంతా విచారణ చేయించింది. నిషేధం వద్దు, లైసెన్సు పెట్టి మితంగా పన్ను వేయండి, పన్ను మరీ పెంచితే దొంగ రవాణా పెరుగుతుంది అన్నది దాని సారాంశం. 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చేదాకా దేశంలో చాలాచోట్ల గంజాయి లైసెన్సు మీదే అమ్ముడైంది. అంటే చట్టబద్ధం చేసి పన్ను వేయడం ఇక్కడ దాదాపు వందేళ్లు నడిచిన పద్ధతే.

బయటి దేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. కెనడా 2018 అక్టోబర్ 17న చట్టబద్ధం చేసింది. మొదట్లో షాపు ధర ఎక్కువ, షాపులు తక్కువ, జనం పాతవాడి దగ్గరే కొన్నారు. ధర దిగి షాపులు పెరిగాక ఏళ్ల తరబడి మెల్లగా ఎక్కువమంది షాపుకు మారారు, అందరూ మారలేదు. కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి అమ్మకాలున్నా, పన్నులు బరువై, చాలా ఊళ్లు షాపులే వద్దనడంతో దొంగ మార్కెట్ బలంగానే ఉంది. అక్కడ పండిన సరుకు ఇంకా నిషేధం ఉన్న రాష్ట్రాలకు దొంగచాటుగా వెళ్తోంది. ముల్బాగల్ ప్యాకెట్ పుంగనూరు వచ్చినట్టే.

ముస్లిం కుటుంబాల్లో చాలామంది, మనం తాగం, ఇది హరామ్, మనకెందుకీ లెక్కలు అనుకుంటారు. తాగకపోవడం ఒక సంగతి, మోయకపోవడం ఇంకో సంగతి. వాణియంబాడిలో, ముల్బాగల్‌లో, కోలారులో చుట్టరికాలున్న ఇళ్లు ఈ ఊళ్లలో ఎన్నో. షాదీకో, బంధువుల పలకరింపుకో వెళ్లొచ్చే కుర్రాడికి ఒక బ్యాగు ఇచ్చి, "ఊళ్లో ఫలానావాడికి ఇచ్చేయ్ బేటా, ఐదొందలు తీసుకో" అనేవాడు ఉంటాడు. మద్యమైతే ఎక్సైజ్ కేసు. గంజాయి అయితే లెక్క వేరు. కిలో లోపు ఏడాది వరకు శిక్ష, ఆపైన పదేళ్ల వరకు, 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల వరకు, బెయిలు కూడా కష్టమే. బ్యాగులో ఏముందో తెలియదని నిరూపించుకోవాల్సిన బరువు చాలావరకు మోసినవాడి మీదే పడుతుంది. సరుకు పంపినవాడి పేరు ఆ బ్యాగు మీద రాసి ఉండదు.

అందుకే గంజాయిని చట్టబద్ధం చేస్తే కుర్రాళ్లు జైలుకు వెళ్లడం తప్పుతుందన్న వాదన తీసిపారేయదగింది కాదు. కొంచెం దగ్గర పెట్టుకున్నవాడి వరకు అది నిజం కావచ్చు. మోసేవాడికి మాత్రం కాదు. ఒక రాష్ట్రం అనుమతించి పక్క రాష్ట్రం వద్దన్నా, రెండూ అనుమతించి పన్ను వేరువేరుగా వేసినా, గీత మీద ఉన్న ఊళ్లలో మోసే పని పుడుతుంది. ఆ పని ముందుగా వెతుక్కుంటూ వచ్చేది పనిలేని పిల్లల దగ్గరికే.

ఆంధ్రాలో ఇప్పుడున్న మద్యం లైసెన్సుల గడువు 2026 సెప్టెంబర్ 30 వరకు. ఆ తర్వాతి పాలసీలో ఎన్ని షాపులు, ఫీజు ఎంత అన్న చర్చే పైకి వినిపిస్తుంది. కుప్పం, పుంగనూరు వాళ్లు చూసుకోవాల్సింది మాత్రం క్వార్టర్ ధర అటు ముల్బాగల్‌లో, ఇటు వాణియంబాడిలో ఉన్నదానికి ఎంత దూరంలో ఉండబోతోందన్నదే.