కాంటూరు గీతకి మన నీళ్లు తెలుసా?

పోలవరం ముంపులో ఎవరికి ప్యాకేజీ ముందు, ఎవరికి తర్వాత అన్నది ఒక గీత మీద నడుస్తోంది: 41.15 మీటర్ల కాంటూరు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. ఆ గీతకి పైన ఉన్నాయన్న ఊళ్లు కూడా మునిగాయి.

ఎందుకంటే కాంటూరు నిలవ నీటి లెక్క. పారే నది చెరువులా సమంగా ఉండదు, ఎగువకి పోయేకొద్దీ మట్టం పెరుగుతుంది. గోదావరి నిండితే శబరి వెనక్కి తన్నుతుంది.

నీటి దారిని కంప్యూటర్‌లో మనమూ గీయొచ్చు. 2000లో అంతరిక్షం నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల పటం ఉచితం. నేలని 30 మీటర్ల గళ్లు చేసి, ఒక్కో గడి నీటిని చుట్టూ ఉన్న ఎనిమిదిట్లో బాగా పల్లంగా ఉన్నదాంట్లోకి పంపుతారు. కానీ దట్టమైన అడవిలో ఆ రాడార్‌కి నేల సరిగా అందలేదు, చెట్ల ఎత్తు కలిసిపోయింది. చిన్న వాగు గడిలోనే మాయమవుతుంది. మీటరు తేడా అంటే మనకి ఇల్లు.

అందుకే ఈ పని మనదే. 1986లో, 2022లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దోళ్లని అడగండి. గోడ మీద మరకని అరుగు నుంచి టేపుతో కొలిచి ఫొటో తీయండి. ఫోను చూపించే ఎత్తుని నమ్మొద్దు, లెవెల్ సర్వే కావాలని గ్రామసభలో తీర్మానం చేయండి.

పటం తప్పైతే దిద్దాల్సింది పటాన్నే, మన ఊరిని కాదు.