ఒక్క కొండను నమ్ముకొన్న పొద

మారిషస్ ద్వీపమున లె మోర్న్ పర్వతమునందు దక్క లోకమున మఱెక్కడను సహజముగ మొలవని ట్రొషేషియా బుటోనియానా యను మందార కుటుంబపు పొద, గంటలవలె వ్రేలాడు అరుణపుష్పములతోను, వానియందలి ఎఱ్ఱని మకరందముతోను ఒప్పారి, 1992లో జాతీయపుష్ప గౌరవము నందినది. అయినను, బ్రెజిల్ దేశమునుండి వచ్చి అడవులను ఆక్రమించిన చైనా జామవంటి పరజాతుల నడుమ, గౌరవమాత్రము దానిని రక్షింపజాలదు. ఒక్క కొండను నమ్ముకొన్న జాతికి ఒక్క కార్చిచ్చు చాలును. కావున, కొండనుండి పెఱికి తెచ్చుట గాక, నర్సరీలలో పెంచిన మొక్కలను నీరు నిలువని నేలలో నాటి, దానికి రెండవ యాశ్రయము కల్పించుట ద్వీపవాసుల ధర్మము. 19వ శతాబ్దమున చెఱకుతోటల కూలికై అచటి కేగిన తెలుగువారి సంతతియు, పెరటి తులసి సరసన ఈ పొదకును చోటీయవలయునని నా మనవి.