ఆశునాటకం బడికి రావాలి, దానితోపాటు పోస్టులూ రావాలి

పిల్లల నాటకాల ముచ్చట కార్మిక సమాఖ్య పత్రికలో ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చును. జవాబు చెప్పే ముందు మా స్వంత తప్పిదం ఒకదానిని ఒప్పుకొనవలసి ఉన్నది.

కొన్నేళ్ల క్రితం మేడే సభకు ఒక బస్సు కండక్టరు సోదరుడు పధ్నాలుగేళ్ల కుమారుని వెంటబెట్టుకొని వచ్చాడు. మైకు హోరు మొదలు కాగానే ఆ అబ్బాయి రెండు చెవులూ మూసుకొని, ముందుకూ వెనుకకూ ఊగుతూ కేకలు వేయసాగాడు. వేదిక మీద ఉన్న మాలో ఒకరు "ఎవరండీ, ఆ పిల్లవాణ్ణి బయటకు తీసుకువెళ్లండి" అన్నారు. తండ్రి తలవంచుకొని కుమారుని చేయి పట్టుకొని వెళ్లిపోయాడు. ఆ తరువాత రెండేళ్లు ఆయన ఏ సభకూ రాలేదు. చందా మాత్రం నెల తప్పకుండా పంపుతూనే ఉన్నాడు. చివరకు మేము ఇంటికి వెళ్లి అడిగినప్పుడు "బడిలో వద్దన్నారు, పెళ్లిళ్లలో వద్దన్నారు, ఆఖరుకు మన సంఘంలో కూడా వద్దన్నారండీ" అని మాత్రమే అన్నాడు. కార్మికవర్గ ఐక్యత గురించి గంటసేపు ఉపన్యసించిన మాకు ఆ మాటకు జవాబు దొరకలేదు.

ఆటిజం, ఎ.డి.హెచ్.డి., డిస్లెక్సియా వంటి లక్షణాలు గల పిల్లలను నేడు నాడీవైవిధ్యం గల పిల్లలని పిలుస్తున్నారు. నిన్నమొన్నటి వరకు వీరికి మొండివాడు, మందబుద్ధి, సోమరి అన్న పేర్లే ఉండేవి. మెదళ్లన్నీ ఒకే అచ్చులో పోసినవి కావన్నది ఈ కొత్త పేరులోని సారాంశం. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, ఆటిజమునూ, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలనూ చేర్చినది. ఎ.డి.హెచ్.డి. మాత్రం ఆ జాబితాలో లేదు. అయితే చట్టం గుర్తించినంతనే బడి గుర్తించినట్లు కాదు. ముఖ్యంగా పదమూడు మొదలు పంతొమ్మిది ఏళ్ల మధ్య వయసు ఈ పిల్లలకు కడు కష్టమైనది. ఆ వయసులో స్నేహాలు సగం మాటలతో, కనుసైగలతో, ఎగతాళితో నడుస్తాయి. ఆ భాషను ఏ పాఠ్యపుస్తకమూ నేర్పదు. అది రానివాడు వెనుకబెంచీలో ఒంటరిగా మిగిలిపోతాడు.

ఇక్కడనే ఆశునాటకం పనికివస్తున్నది. ముందుగా వ్రాసిన పాఠం లేకుండా, ఎదుటివారు ఇచ్చిన మాటను అందుకొని అప్పటికప్పుడు అల్లుకొనే నాటకమిది. ఇంగ్లీషులో ఇంప్రొవైజేషన్ అంటారు. దీని మూలసూత్రం ఒక్కటే: ఎదుటివాడు ఇచ్చిన దానిని కాదనకు, స్వీకరించి దానికి నీవొకటి చేర్చు. బట్టీ పట్టవలసిన సంభాషణ లేదు గనుక మరచిపోవడమన్నది ఉండదు. సరియైన జవాబంటూ ముందే నిర్ణయించినది లేదు గనుక తప్పు జవాబూ ఉండదు. ఏళ్ల తరబడి ఎర్రసిరా గీతలే చూచిన పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు.

తెలుగువారికి ఈ విద్య క్రొత్తది కాదు. అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఏ ప్రశ్న విసిరినా అవధాని అందుకొనక తప్పదు. పగటివేషగాడు వాకిట నిలుచున్న ఇల్లాలి మాటను బట్టి తన మాట మార్చుకొంటాడు. బుర్రకథలో హాస్యపు వంత ఆనాటి ఊరి సంగతిని అక్కడికక్కడే కథలో దూర్చుతాడు. ప్రజానాట్యమండలి దళాలతో ఊరూరా తిరిగిన మన పెద్దలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

దీనిని పిల్లల ఆటలుగా ఒక పద్ధతిలో పెట్టిన వారిలో అమెరికాకు చెందిన వయోలా స్పోలిన్ ముఖ్యురాలు. 1889లో షికాగో నగరంలో వలస వచ్చిన శ్రామికుల వాడలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే స్త్రీలు నెలకొల్పిన హల్ హౌస్‌లో ఆమె నీవా బాయిడ్ వద్ద శిక్షణ పొందింది. 1939లో, నిరుద్యోగులకు పని కల్పించేందుకు ప్రభుత్వం స్థాపించిన సంస్థలో నాటక పర్యవేక్షకురాలిగా చేరింది. రకరకాల భాషలు మాట్లాడే వలస కుటుంబాల పిల్లలు ఒకచోట కలిసి ఆడగలిగే ఆటలను ఆ కొలువులో ఉండగా రూపొందించింది. 1963లో వాటిని గ్రంథంగా వెలువరించింది. ఇందులో మనవారు గమనించవలసిన విషయమొకటున్నది. ఈ ఆటలు పరిణతి పొందినది దాతల దయతో కాదు, ప్రభుత్వం జీతమిచ్చిన ఉద్యోగంలో.

గత వేసవిలో మా ఉపాధ్యాయ మిత్రులు కొందరు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల వరండాలో పదిరోజులపాటు ఇటువంటి ఆటలు నడిపారు. ఏడుగురు పిల్లలు, అయిదుగురు ఉపాధ్యాయులు. మేము నాలుగు రోజులు వెళ్లి ఒక మూల కూర్చొని చూచినాము. మొదటిది అద్దం ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఒకరు చేతులు కదిపినట్లు మరొకరు కదపాలి. కళ్లలోకి చూడలేని పిల్లవాడు చేతులనే చూడవచ్చును. కాసేపటికి నాయకత్వం మారుతుంది. అప్పుడు ఉపాధ్యాయుడే పిల్లవాణ్ణి అనుసరించాలి. ఒక బాలిక మూడు రోజులు ఆడలేదు, గోడకు ఆనుకొని చూస్తూ ఉన్నది. ఎవరూ బలవంతపెట్టలేదు. నాలుగవ రోజున లేచి, ఆట మారేటప్పుడు కొట్టే గంటను తాను పుచ్చుకొన్నది.

మరొక అబ్బాయి రైళ్ల వేళలు తప్ప వేరే మాట మాట్లాడడు. "రైళ్ల సంగతి ఆపు" అన్నది బడిలో అతడు ప్రతిదినం విన్న మాట. ఆనాడు అతణ్ణి స్టేషను విచారణ కిటికీ వద్ద కూర్చోబెట్టి, ఒక ప్రత్యేక ఉపాధ్యాయిని ప్రయాణికురాలై "బాబూ, మా మేకకు టిక్కెట్టు ఇస్తారా?" అని అడిగింది. అబ్బాయి మౌనంగా ఉండిపోయాడు. ఆమె మరల అడుగలేదు, జవాబు అందించలేదు, నిలుచున్నది. చివరకు అతడు "ఎక్స్‌ప్రెస్‌లో మేకకు చోటు లేదు. ప్యాసింజరు రెండు గంటలు లేటు. అంతవరకు గడ్డి మీరే పెట్టుకోవాలి" అన్నాడు. వరండా అంతా నవ్వింది, అతడూ నవ్వాడు. అతణ్ణి చూచి నవ్వినవారిని ఇదివరకు అతడు చాలామందిని ఎరుగును. అతని మాటకు నవ్విన నవ్వు వేరు.

ఆట ముగిశాక ఆ ఉపాధ్యాయిని మాతో అన్నది: "పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నానండీ. జవాబు కోసం ఆగడం ఇక్కడనే నేర్చుకొన్నాను. కాని వచ్చే ఏడు ఆ పిల్లవాడు ఈ బడిలోనే ఉంటాడు, నేను ఉంటానో లేదో తెలియదు." ఆమెది ఏటేటా పొడిగించే ఒప్పంద ఉద్యోగం. అదిగాక వారానికి నాలుగు ఊళ్ల బడులు తిరగాలి.

మిత్రులారా, ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతున్నది. 2012లో డేమియన్ మిల్టన్ అనే, తానే ఆటిజం గల బ్రిటిష్ పరిశోధకుడు ఒక వాదన ముందుకు తెచ్చాడు. ఆటిజం గలవారు ఇతరులను అర్థం చేసుకోలేరనడం సగం నిజమేననీ, ఇతరులు కూడా వారిని అంతే అర్థం చేసుకోలేకపోతున్నారనీ, లోపం రెండువైపులా ఉన్నదనీ ఆయన అన్నాడు. కావున పిల్లవాడికి మాత్రమే తర్ఫీదు ఇస్తే చాలదు, ఉపాధ్యాయుడు కూడా నేర్చుకోవాలి. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం నడిపే వేసవి ఆశునాటక శిబిరంలో ఈ వయసు పిల్లలతోపాటు విద్యాబోధకులు కూడా శిక్షణ పొందుతారు. మేము ఆ వరండాలో చూచినదీ ఇదే.

దీనిని సర్వరోగ నివారిణిగా ప్రచారం చేయడం మా ఉద్దేశం కాదు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంవారు ఆటిజం గల 8 నుండి 14 ఏళ్ల పిల్లలు 30 మందితో జరిపి 2016లో ప్రకటించిన నాటక ప్రయోగంలో సాంఘిక నైపుణ్యాలు మెరుగుపడినట్లు తేలినది. ఫలితం ఆశాజనకమే గాని 30 మంది చిన్న సంఖ్య. అంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. ఈ ఆటలను పిల్లవాడు పదిమందిలా నటించడం నేర్పే సాధనంగా వాడితే అవి మరొక శిక్షగా మారుతాయి. చాలు అన్నప్పుడు మానుకొనే హక్కు, ఊరక కూర్చొని చూసే హక్కు పిల్లవానికి లేనిచోట అది ఆశునాటకం కానేకాదు.

ఇక అసలు ప్రమాదం పాలకుల వైపునుండి రానున్నది. ఖర్చులేని పద్ధతి కనుక దీనినే ప్రత్యేక ఉపాధ్యాయులకు బదులుగా చూపగలరు. రెండు రోజుల శిక్షణ, ఒక కరపత్రం, ఒక ఫొటోతో లెక్క సరిపెట్టగలరు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ప్రతి పదిమందికి, ఆపై స్థాయిలో ప్రతి పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్నది. 2025 మార్చిలో సైతం పోస్టులను ప్రకటించి భర్తీ చేయండని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చిందంటే, మధ్యకాలంలో ఏమి జరిగినదో వేరుగా చెప్పనక్కరలేదు. మన తెలుగు రాష్ట్రాల భవిత కేంద్రాలలో ఈ పిల్లలను చూసుకొనేవారు ఒప్పందపు సిబ్బందియే. 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ సమ్మెకు దిగినప్పుడు, పిల్లల చదువు పాడవుతున్నదని వాపోయినవారున్నారు. ఉపాధ్యాయుని ఏటేటా అనిశ్చితిలో ఉంచడంవల్ల ఆ చదువు ఎన్నడో పాడవుతున్నదని వారు ఎందుకు గుర్తించరు? పిల్లవాడు ఒక మనిషిని నమ్మడానికి ఏడాది పడుతుంది. ఒప్పందం కూడా ఏడాదికే ముగుస్తుంది!

ఎదుటివాడు ఇచ్చినదానిని స్వీకరించి ఒకటి చేర్చాలన్న సూత్రాన్ని పాటించడానికి తీరిక కావాలి, మనశ్శాంతి కావాలి. అరవైమంది పిల్లల గదిలో, యాప్‌లో హాజరు నమోదు చేస్తూ, నెల జీతం ఎప్పుడు వస్తుందో తెలియని మనిషి జవాబు కోసం ఎంతసేపు ఆగగలదు?

అందుచేత మేము కోరేవి ఇవి. మొదటిది, న్యాయస్థానం చెప్పిన నిష్పత్తి ప్రకారం ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులను శాశ్వత ప్రాతిపదికపై భర్తీ చేయాలి, ఇప్పుడు పనిచేస్తున్నవారి సేవాకాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. రెండవది, ఆశునాటక శిక్షణను సెలవుదినాల వెట్టిగా గాక విధి నిర్వహణగా పరిగణించి ప్రయాణభత్యం చెల్లించాలి. ఆ శిక్షణలో సాధారణ ఉపాధ్యాయులు, ఆయాలు కూడా ఉండాలి. మూడవది ప్రభుత్వానికి కాదు, మనకు. మన సాంస్కృతిక దళాలలో బుర్రకథకులు, వీధినాటక కళాకారులు ఉన్నారు. ప్రతి జిల్లా శాఖ నెలకు ఒకనాడు ఒక ప్రభుత్వ పాఠశాలకు ఇద్దరిని పంపగలదు. వారు వెళ్లవలసినది ఉపాధ్యాయునికి తోడుగానే, అతనికి బదులుగా ఎంతమాత్రం కాదు.

నాలుగవది మరీ చిన్నది, మరీ ఆలస్యమైనది. మన సభలలో మైకు హోరు తగ్గాలి, పక్కన ఒక నిశ్శబ్దపు గది ఉండాలి, తలుపు దగ్గర ఒక కార్యకర్త ఉండి ఇటువంటి పిల్లలతో వచ్చినవారిని ఆదరించాలి. ఆ కండక్టరు సోదరుని ఇంటికి మేము మరల వెళ్లి, వచ్చే మేడేకు కుమారునితో సహా రమ్మని పిలిచాము. "చూస్తానండీ" అన్నాడు. ఆ మాటను అవునుగా మార్చవలసిన బాధ్యత ఆయనది కాదు, మనది.