పాతకారునకు ముప్పదియేండ్లు చాలవా?

అచ్చంపేటలో నా బంధువొకరి యింటివెనుక, వేపచెట్టు క్రింది రేకులషెడ్డులో, ఏండ్ల తరబడి కదలక నిలిచియున్న కాంటెసా కారును మరల రోడ్డెక్కింపవలెనని ఆ యింటి చిన్నవాడు సంకల్పించి, అందులో ఏమేమి మార్చవలెనో వ్రాసికొన్న చీటీ నొకదానిని మొన్న నా చేతికిచ్చెను. క్రొత్త జపాను ఇంజను, వెడల్పాటి అల్లాయ్ చక్రములు, మెఱుపులేని నల్లరంగు: ఇవి ఆ చీటీలోని ముఖ్యాంశములు. అమెరికా సినిమాలలో కనబడు మజిల్ కారువలె దానిని తీర్చవలెనని వాని ముచ్చట. ఆ ముచ్చటను నేను తప్పుపట్టను. పొడవైన బానెట్టును, గుండ్రని నాలుగు హెడ్‌లైట్లును గల ఆ కారును జూచినవానికి అట్టి కోరిక పుట్టుట సహజమే. అయినను, ఇంజనును కదలింపక పూర్వము దాని పుట్టుక నెఱుగుమని వానికి చెప్పితిని.

మేస్త్రీ వచ్చి బానెట్టునెత్తి, పెట్రోలులో తడిపిన పాతగుడ్డతో మెల్లమెల్లగా రుద్దగా, పేరుకొన్న జిడ్డుక్రింద నుండి చిన్న లోహపు పలకయు, దానిపై నచ్చొత్తిన యంకెలును ఒక్కొక్కటిగా బయటపడినవి. “ఈ అంకెల మీద రంగు పడనియ్యకుండ్రి సారూ. ఇయి పోయినయంటే బండికి తల్లి ఎవరో తండ్రి ఎవరో తెల్వది,” అని ఆయన నాతో ననెను. చూడగా అది 1.8 లీటర్ల ఇసుజు ఇంజను, అయిదు గేర్ల పెట్టెతో కర్మాగారము నుండి వెలువడిన బండి.

ఆ మాట విలువ తెలియవలెనన్న కాంటెసా చరిత్ర కొంత తెలియవలెను. బ్రిటనులో వాక్స్‌హాల్ సంస్థ 1970ల దశకమున నిర్మించిన కారు అచ్చులను కొని తెచ్చి, హిందుస్తాన్ మోటార్స్ వారు బెంగాలులోని ఉత్తర్‌పారా కర్మాగారమున 1984లో ఆరంభించి, 2002 వఱకు దీనిని తయారుచేసిరి. తొలిబండ్లకు అంబాసిడరుకున్న 1.5 లీటర్ల ఇంజనే దిక్కు; సుమారు ఏబది గుఱ్ఱపుశక్తి గల ఆ యంత్రము అంతటి బరువైన దేహమును లాగజాలక, మన్ననూరు దాటి నల్లమల ఘాటు మలుపులెక్కునప్పుడు రొప్పుట తప్పనిసరి. ఆ లోపమును దీర్చుటకై తరువాత కర్మాగారమే సమకూర్చిన బలము ఇసుజు ఇంజను. దానిని పెఱికి పారవేసి వేఱొకటి తగిలించినచో, ఆ బండి చెప్పవలసిన కథలో ముఖ్యమైన ప్రకరణమే చిరిగిపోవును.

మజిల్ కార్లకు పుట్టినిల్లయిన అమెరికాలో ఈ సంగతి బాగుగ నెఱుగుదురు. 1964లో పాంటియాక్ జీటీవో అనునది వేఱుకారుగా గాక, ఉన్న కారుకు అదనపు ధర చెల్లించి కోరుకొనదగిన ఏర్పాటుగానే ప్రజలముందుకు వచ్చెను. 1969లో ఏడు లీటర్ల అల్యూమినియము ఇంజనుతో జెడ్‌ఎల్-1 అను పేర వెలువడిన షెవర్లే కమారోలు కేవలము 69. అట్టి కారును పునరుద్ధరింప బూనినవారు, రంగు డబ్బా మూత తీయకముందే, కర్మాగారపు కార్మికులు సీటు స్ప్రింగుల నడుమనో, పెట్రోలు ట్యాంకుపైననో విడిచిపోయిన బిల్డు షీటను జీర్ణపత్రమునకై వెదకుదురు. బండితో ఏ ఇంజను, ఏ గేరుపెట్టె, ఏ సీటు పుట్టెనో అందే యుండును. మనకట్టి పత్రము లేకున్నను, జిడ్డుక్రింద పలక యొకటి యున్నది.

ఇంజను బోరుకు వచ్చినచో బోరు చేయింపవచ్చును; టైర్లు, బ్రేకుగొట్టములు, తీగలు క్రొత్తవే వేయవలెను, ఏలయన ప్రాణముతో బేరమాడరాదు. బండి స్వరూపమునే మార్చుట వేఱుమాట. మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను అందులకొప్పదు. తయారీదారు నిర్ణయించిన మూలరూపమునకు విరుద్ధముగా వాహనమును మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టముగా తీర్పు చెప్పినది.

ఇట్లు మూలరూపమును నిలుపుకొన్నవానికి ప్రభుత్వము చూపు ఆదరమేమి? 2021లో కేంద్రము పురాతన వాహనములకు ప్రత్యేక నిబంధనలు చేసి, వి.ఎ. అను అక్షరములతో వేఱు నంబరు నేర్పఱచి, 20,000 రూపాయల రుసుముపై పదియేండ్ల రిజిస్ట్రేషను నిచ్చుచున్నది. అది మెచ్చదగిన పని. అయితే ఆ గౌరవము ఏబదియేండ్లు దాటినవానికే. ప్రపంచమందలి పాతవాహన సంఘముల సమాఖ్యయైన ఫీవా, చారిత్రక వాహనమునకు ముప్పదియేండ్లు చాలునన్నది. మనదేశమున ముప్పదికిని ఏబదికిని నడుమ నున్న బండి సామాన్యమైన పాతబండిగానే లెక్కింపబడి, 600 రూపాయలుండిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 2022లో 5,000 కాగా, ఇరువదియేండ్లు దాటినవానికి 2025లో 10,000 అయినది. నిత్యము తిరుగు పాతబండ్ల పొగనుగూర్చి ప్రభుత్వమునకున్న చింత న్యాయమైనదే. కాని ఏటికి నాలుగుమార్లు ఉమామహేశ్వరము దాక పోయివచ్చి షెడ్డు చేరు బండిని, దినమంతయు తిరుగు బండిని ఒక్క తక్కెడలో తూచుట న్యాయము కాదు. మూలరూపము చెడకుండ ముప్పదియేండ్లు నిలిచిన వాహనమునకు, పరిమితముగా మాత్రమే నడుపవలెనను షరతుతో, కేంద్ర రవాణాశాఖ మధ్యంతరమైన యొక తరగతి నేర్పఱుపవలెను.

1984లో పుట్టిన తొలి కాంటెసాకు ఏబదియేండ్లు నిండుట 2034లో. ఈలోపల ఎన్ని తుక్కుగా పోవునో యని నా భయము. మీ యింట అట్టి బండి యున్నచో, పాత ఇనుపసామానువానికి తూకమునకు వేయకముందు, ఒక్కసారి బానెట్టునెత్తి ఆ పలకను తుడిచి, అంకెలను కాగితముపై వ్రాసి, ఆర్.సి. పుస్తకముతో కలిపి భద్రపఱచుడు.